యానాంలో దిగే మనిషి

ఎదుర్లంక నుంచి యానాంకి ఇప్పుడు వంతెన ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాస్త కునుకు తీస్తే గోదావరి గౌతమి పాయ దాటిన సంగతే తెలియదు. నేను చెప్పబోయేది వంతెన లేని రోజుల ప్రయాణం. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రెండో ఏడు, ఆషాఢమాసం, ఏటికి వరద ఎర్రనీరు తగిలిన వారం. రాజమండ్రిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నేను, ఒక చేతిసంచీ పట్టుకుని యానాం వెళ్ళాను. రమ్ము సీసా కొనడానికి.

సీసా నాకు కాదు, మా నాన్నకి. ఆయన పోయి అప్పటికి పదకొండో రోజు.

మా ఊరు ముమ్మిడివరం దాటాక, మెయిన్ రోడ్డుకి కొంచెం లోపల, ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. పెద్దకార్యం రోజున పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, పిండంతో పాటు విస్తట్లో పెట్టి గట్టు మీద ఉంచడం మా ఆనవాయితీ. కాకి వచ్చి ముట్టాలి. ముడితే మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే విస్తరి ముందుకొచ్చి, నువ్వు అనుకున్నది మేం చేస్తాం, నిశ్చింతగా వెళ్ళు అని మాటివ్వాలి.

ఉదయం ఎనిమిదికి విస్తరి వేశాం. కొబ్బరిచెట్ల మీద కాకులు కావలసినన్ని ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. కర్మ చేస్తున్న మా తమ్ముడు సత్యం, అమ్మని బాగా చూసుకుంటానని దణ్ణం పెట్టాడు. కాకులు కదల్లేదు. తూర్పు చేను గట్టు తగాదా రాజీ చేసుకుంటానన్నాడు. ఒక కాకి తల తిప్పి అవతల వైపు చూసింది. నేను ఏం మాటివ్వాలో తెలియక, "నాన్నా, రండి" అన్నాను. తొమ్మిదిన్నరయ్యేసరికి చుట్టాలు గొడుగుల కింద చేరి గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు.

అమ్మ మాత్రం చాప మీంచి లేవలేదు. "కాకి ముట్టేదాకా నేను మెతుకు ముట్టను" అంది. అమ్మకి షుగరు. పొద్దున్నే మాత్ర వేసుకుంది. మాత్ర వేసుకున్నాక తినకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు ఒకసారి అలాగే స్పృహ తప్పితే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాకు కాకుల మీదా, ఆనవాయితీల మీదా, గొడుగుల కింద జనం మీదా ఒకేసారి కోపం వచ్చింది. కనీసం చక్కెర నీళ్ళయినా తాగమంటే అమ్మ మొహం తిప్పుకుంది.

మా నాన్న పేరు సూర్యనారాయణ. ఊరందరికీ మిలట్రీ గారు. ఇరవై రెండేళ్ళకి పట్టాళంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్ళి, వచ్చి పెళ్ళి చేసుకుని, మళ్ళీ వెళ్ళి, చైనా గొడవ అయ్యాక పూర్తిగా వచ్చేశారు. మిగిలిన ముప్పై ఏళ్ళూ వ్యవసాయం చేశారు. దుప్పటి ముడత లేకుండా పరిచేవారు, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి చొక్కా ఇస్త్రీ చేసుకునేవారు. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ మంచం దిగలేకపోతే మూడు నెలలు నాకు జడ వేసింది ఆయనే. ఎంత బిగించి వేసేవారంటే కనుబొమలు పైకి లేచిపోయేవి. మగాడు జడలు వేస్తాడేంటని అరుగుల మీద నవ్వుకున్నారు. ఆయన ఒక్కసారి అటు చూసి మళ్ళీ దువ్వెన తీసుకునేవారు. నన్ను రాజమండ్రి పంపి టీచరు ట్రైనింగు చదివించినప్పుడు కూడా నవ్వారు.

ఆ మనిషికి ఏ కోరిక మిగిలిందో మా మేనమామ కనిపెట్టాడు. గొంతు తగ్గించి, "అందరికీ తెలిసిందే, పైకి అనరు గానీ" అన్నాడు. "బావగారికి మందు పెట్టలేదు కదే విస్తట్లో. మిలట్రీ మనిషి. నెలనెలా యానాంలో దిగేవారు."

అమ్మ తలెత్తలేదు. నిజమే, నెలకోసారి ఆయన పింఛనుకీ, మిలట్రీ క్యాంటీనుకీ కాకినాడ వెళ్ళేవారు. తెల్లవారకముందే బయల్దేరి పన్నెండుకల్లా పని ముగించుకునేవారు. అయినా ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. మధ్యాహ్నమంతా యానాంలోనే. యానాం పాండిచ్చేరి వాళ్ళది, అక్కడ మందు చవక, మావైపు మగాళ్ళు యానాంలో దిగారంటే దానికోసమే. ఎందుకు దిగారని ఎవరూ అడగక్కర్లేదు. ఆ రోజు రాత్రి అమ్మ అన్నం వడ్డించి, ఒక్క మాట మాట్లాడకుండా అటు తిరిగి పడుకునేది. ముప్పై ఏళ్ళు అదే వరస.

ఆయన తెచ్చిన క్యాంటీన్ మందు సీసాలు ఊళ్ళో అయిపోయాయి. మళ్ళీ తేవాలంటే కార్డున్న మనిషే లేడు. ఇక యానాం వెళ్ళాల్సిందే. ఎదుర్లంక రేవులో ఎక్సైజు చెక్‌పోస్టు ఉంది, మగాళ్ళ ఒళ్ళంతా తడుముతారు. "టీచరమ్మని ఎవరు ముట్టుకుంటారు. పద్మ వెళ్ళొస్తుంది" అన్నాడు మావయ్య. ఇంతమంది మగాళ్ళుండగా దొంగసరుకు తేవడానికి ఆడపిల్ల కావలసి వచ్చిందా అని అనబోయాను. దొరికితే నా ఉద్యోగం సంగతేంటని కూడా అనబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళవే పద్దూ. ఆయనకి కావలసింది ఒక్కసారి పెట్టేద్దాం. బతికుండగా నేను ఎప్పుడూ పెట్టలేదు."

చీకటిపడితే కాకులు గూళ్ళకి పోతాయి. ఆలోగా రావాలి.

పదిన్నరకి మెయిన్ రోడ్డు మీద ఎదుర్లంక బస్సు దొరికింది. నిలబడడానికే చోటు. మురమళ్ళ దాటాక, పక్కన కొబ్బరికాయల బస్తా పెట్టుకున్నాయన జరిగి నాకు కాస్త సీటిచ్చాడు.

"యానామాండి?" అన్నాడు.

"అవునండి."

"పని మీదేనా?" అని నవ్వాడు.

"చుట్టాలున్నారండి" అన్నాను, క్లాసులో వాడే గొంతుతో.

రేవులో దిగేసరికి పదకొండున్నర. చెక్‌పోస్టు అంటే తాటాకు పందిరి, బల్ల, ఇద్దరు కానిస్టేబుళ్ళు. యానాం వైపు వెళ్ళేవాళ్ళని ఎవరూ పట్టించుకోవడం లేదు. వచ్చేవాళ్ళని వరసలో నిలబెట్టి పాలక్యాన్లలోకి చెయ్యి పెట్టి మరీ చూస్తున్నారు.

పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన కట్టు. మోటారు సైకిళ్ళు, మేకలు, మనుషులు అందరం ఒకే బల్ల మీద. నీరు ఇటుక రంగులో ఉంది. గుర్రపుడెక్క పెద్ద పెద్ద గుత్తులుగా కొట్టుకుపోతోంది. పంటు సరంగు టికెట్లు చింపుతూ అందరికీ వినపడేలా చెప్పాడు. "నీరు లాగుతోందండీ. తిరుగు ట్రిప్పు ఐదింటిదే ఆఖరు. గాలి లేస్తే అదీ ఉండదు, నన్ననొద్దు."

పక్కన చేపలమ్మే ముసలామె ఖాళీ గంప బోర్లించుకుని కూర్చుంది. నా వాలకం చూసి ఎవరమ్మాయివని అడిగింది. చెప్పాను.

"మిలట్రీ గారి కూతురివా. ఆయన ఇక్కడే నిలబడేవోరు, ఈ గుంజ పట్టుకుని. ఎంత ఖాళీ ఉన్నా కూకునేవోరు కాదు. ఏరు దాటినంతసేపూ కళ్ళు మూసుకునేవోరమ్మా."

"కళ్ళు మూసుకునేవారా? ఎందుకు?"

"నీళ్ళంటే బయ్యమేమో అనుకునేవోళ్ళం. అంత మనిసిని ఎలా అడుగుతాం."

ఏటిగట్టు పక్క ఊళ్ళో పుట్టిన మనిషికి నీళ్ళంటే భయమని నాకు నలభై నాలుగేళ్ళొచ్చాక, ఆయన పోయాక, పంటు మీద తెలిసింది. ఆ గుంజ నున్నగా అరిగి ఉంది. నేనూ దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

యానాం రేవు దిగి కాస్త నడిస్తే వరసగా మందు కొట్లే. నిషేధం పుణ్యమా అని కోనసీమ సగం అక్కడే ఉన్నట్టుంది. వీధులు మాత్రం గీత గీసినట్టు తిన్నగా, శుభ్రంగా ఉంటాయి. చూడదగ్గ ఊరే. నేను చూసే స్థితిలో లేను. తలమీదికి కొంగు లాక్కుని, జనం తక్కువున్న ఒక కొట్టు మెట్టెక్కాను.

"రమ్మండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

కొట్టాయన పెద్దవాడు, నుదుట బొట్టు, మర్యాదస్తుడు. "ఏ రమ్మమ్మా?"

"మిలట్రీ గారు తీసుకునేది ఇవ్వండి. ముమ్మిడివరం వైపు నుంచి నెలనెలా వచ్చేవారు. పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా, భుజానికి ఖాకీ సంచీ."

ఆయన సీసా ఒకటి కాగితంలో చుడుతూ ఆలోచించాడు. "ఎరుగుదునమ్మా. కానీ ఆయన ఎప్పుడూ మా మెట్టెక్కలేదే. ఈ వరసలో ఏ కొట్టూ ఎక్కలేదు. ఆ సందులోకి వెళ్ళేవారు. చివరిల్లు. సాయంత్రం దాకా అక్కడే ఉండేవారు."

"ఎవరిల్లది?"

"వీరన్నని ఒకాయన ఉంటాడమ్మా. ఇంట్లో ఆడమనిషి కూడా ఉంటుంది."

ఆయన మామూలుగానే అన్నాడు. సీసాని సంచీలో చీర మడతల మధ్య పెట్టాను. ఒంటిగంట కావస్తోంది. ఒకటిన్నర పంటు ఎక్కితే మూడుకల్లా గట్టు మీద ఉంటాను, అమ్మ అన్నం తింటుంది, నేను ఏ సందులోకీ వెళ్ళనక్కర్లేదు. కొట్టు ముందు నిలబడి రెండు వైపులా చూశాను. తాగుడయితే అమ్మ ముప్పై ఏళ్ళు భరించింది. ఇంకోటేదైనా అయితే ఇప్పుడు తెలుసుకుని ఎవరికి చెప్పను? తెలుసుకోకుండా రాజమండ్రి వెళ్ళి ఎలా నిద్రపోను? సందులోకే నడిచాను.

చివరింటి తలుపు కొట్టాను. ఒక ఆడమనిషి తీసింది. నా వయసుది, చేతికి పిండి. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నేనూ చూశాను, ముక్కు, కళ్ళు, మా నాన్న పోలిక ఎక్కడైనా ఉందా అని. లేదు.

లోపల్నుంచి మగ గొంతు వినిపించింది. "ఎవరే కోడలా? సూర్యం కాదు, ఆడి అడుగులు కావు."

మంచం మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళూ లేవు. ఒకటి మూసుకుపోయి ఉంది, రెండోది తెల్లగా ఉంది. గడ్డం గుబురుగా పెరిగి చిక్కులు పడింది. మా నాన్న ఈడువాడు.

"నేను సూర్యనారాయణ గారి అమ్మాయినండి."

"పద్దూవా" అన్నాడు. ఆ పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు. "రా, కూకో. మీ నాన్న ఏడీ? పోయిన నెలా రాలేదు. జొరమా?"

చావు కబురు అందరికీ చెప్పామనుకున్నాం. చుట్టాలకి, కాకినాడ పింఛను ఆఫీసుకి, ఎరువుల కొట్టాయనకి కూడా. ఈయనొకడున్నాడని ఎవరికీ తెలియదు. నేను ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. రెండు నెలలుగా నీరసంగా ఉండి, నిద్రలోనే పోయారని మాత్రం చెప్పాను. కోడలు మంచినీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల ఎన్నో రోజు?"

"పెద్దకార్యమండి."

"మరి నువ్విక్కడేం చేస్తన్నావ్?"

అబద్ధం ఆడే ఓపిక లేదు. కాకుల సంగతీ, అమ్మ సంగతీ, సంచీలో సీసా సంగతీ చెప్పేశాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"సూర్యం తాగడవా? ఆడికి ఆ వాసనకే వాంతి. బర్మాలో ఆడి వాటా కూడా నేనే తాగేవోణ్ణి."

"మరి క్యాంటీన్ సీసాలు?"

"కాలవకి నీళ్ళొదిలే లస్కరుకోటి, కరెంటాయనకోటి, మీ మేనమామకి రెండు. చేలోకి నీళ్ళు రావాలిగా."

మావయ్యకి రెండు. నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది.

బర్మాలో చింద్విన్ ఏరు దాటేటప్పుడు నాన్నకి ఒళ్ళు తెలియని జ్వరమట. వెనక నుంచి కాల్పులు. వీరన్న గారు సముద్రం మీద బతికిన మనిషి, నాన్నని వీపుకి కట్టుకుని ఈదాడు. నడిమధ్యలో నాన్న రెండుసార్లు మునిగి తేలాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా వీరన్న గారి మొహం దగ్గర బాంబు పేలి రేకు ముక్కలు గుచ్చుకున్నాయి. ఒక కన్ను అక్కడే పోయింది, రెండోది ఇంటికొచ్చాక మెల్లగా పోయింది. డేరా ఆసుపత్రిలో ఆ మొహానికి మొదటిసారి గడ్డం గీసింది నాన్నే. దవడలో రేకు ముక్కలు ఇంకా ఉన్నాయి, పైకి కనపడవు. ఇంటికొచ్చాక ఒక మంగలి తెలియక కత్తి లాగితే రక్తం ఆగలేదట. అప్పట్నుంచి ఇంకొకరిని మెడ మీద కత్తి పెట్టనివ్వలేదు. పట్టాళంలో ఉండగా సెలవుల్లో, వచ్చేశాక నెలకోసారి నాన్న వచ్చి గడ్డం గీసి, గోళ్ళు తీసి, తల రుద్ది స్నానం చేయించి, ఇంత అన్నం తిని వెళ్ళేవారు.

"ఇంట్లో చెప్తే ఏం?" అన్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ముప్పై ఏళ్ళండి."

"నేనే వొద్దన్నాను. రైతు మనిసి ఏరు దాటొచ్చి, చేపలు పట్టే పల్లెవోడికి గెడ్డం గీస్తన్నాడంటే మీ ఊరు నవ్వదా? తాగుతాడంటే ఎవరు నవ్వుతారు? మిలట్రీ కదా అని ఊరుకుంటారు."

ఆయన అన్నది మా ఊరి గురించి అక్షరాలా నిజం.

రెండు దాటింది. నేను లేవబోతే ఆయన తన గడ్డం పట్టుకుని అన్నాడు. "పెద్దకార్యం నాడు అయినోళ్ళు గెడ్డం తీసుకోవాలి కదా. నాకెవరు తీస్తారు? నువ్వు తియ్యి."

"నాకు రాదండి."

"చిన్నప్పుడు అద్దం పట్టుకునేదానివంట కదా. చూళ్ళేదా?"

పట్టుకునేదాన్ని. రోజూ పొద్దున్న, అరుగు మీద, నాన్న గడ్డం గీసుకున్నంతసేపూ. కోడలు రేకు పెట్టె తెచ్చింది. ఇత్తడి రేజరు, కుచ్చు, సబ్బు గిన్నె. నాన్న పోయాక అమ్మ ఇల్లంతా వెతికిన ఆయన పాత మిలట్రీ పెట్టె అది.

ముందు కత్తెరతో చిక్కులన్నీ తీసేసరికే అరగంట పట్టింది. సబ్బు నురగ పట్టించి రేజరు చేతిలోకి తీసుకున్నాను. బయట కొబ్బరాకులు గలగలమంటున్నాయి. గాలి లేస్తోంది. గాలి లేస్తే పంటు ఉండదు. అక్కడ అమ్మ పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో కూర్చుని ఉంది. తొందరపడడానికి లేదు, నిదానించడానికీ లేదు. కుడివైపు బాగానే వచ్చింది. ఎడమ దవడకి రాగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"మెల్లిగా. ఇప్పుడు ఆపు. చర్మం కిందకి లాగు. ఆ... ఇప్పుడు పక్కనుంచి రా."

వేలికి చర్మం కింద గట్టిగా, బియ్యపు గింజంత తగిలింది. దాని చుట్టూ గీశాను. ఇంకోటి. మూడోది గొంతుకి దగ్గర. ఆయన తల వెనక్కి వాల్చి గొంతు నాకు అప్పగించాడు. మా నాన్న తప్ప ఎవరూ కత్తి పెట్టని చోట. ఒక చుక్క రక్తం వచ్చింది, పటిక రాస్తే ఆగింది. మొహం కడిగాక ఆయన అరచేత్తో బుగ్గలు రెండూ తడుముకుని, "సూర్యం చెయ్యే" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

"నేనూ వొస్తాను" అన్నాడు తర్వాత. వద్దనడానికి నాకు హక్కు లేదు. రేకు పెట్టె సంచీలో పెట్టుకున్నాను.

రిక్షాలో రేవుకి చేరేసరికి ఐదుకి ఇంకా కాస్త టైముంది. ఏరు పొద్దుటి కంటే పెరిగింది. సరంగు ఆకాశం చూసి, వీరన్న గారిని చూసి, తాడు విప్పాడు. పంటు ఊగుతోంది. నాన్న గుంజ ఆయనకి అందించాను. నడి ఏట్లో ఉండగా సరంగు నా సంచీ వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, మధ్యాహ్నం నించి అటు రేవులో లేడీ కానిస్టేబుల్ని వేశారండి. ఆడోళ్ళ సంచీలు కూడా చూస్తున్నారు."

నాన్న తాగరని తెలిసినా సీసా తియ్యలేదు నేను. పెడతానని అమ్మకి మాటిచ్చాను కదా. ఒడ్డు కనిపిస్తోంది, పందిరి కింద ఖాకీ చీర కనిపిస్తోంది. వెనక్కి పోవడానికి లేదు.

"ఇలాతే" అన్నాడు వీరన్న గారు. మూత తిప్పి, చెయ్యి బయటికి చాపి మొత్తం ఏట్లో పోసేశాడు. "ఆడి వాటా నేను తాగేవోణ్ణి. ఇయ్యాలకి గోదారి తాగుద్ది." సీసా కూడా వదిలేశాడు. ఆఖరి చుక్కలు మాత్రం అరచేతిలో పట్టి మీసాలకి రాసుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

లేడీ కానిస్టేబుల్ చిన్నపిల్ల. సంచీలో చెయ్యి పెట్టి చీర విప్పింది, రేకు పెట్టె మూత తీసి తడి కుచ్చు చూసింది. ముక్కు ఎగబీల్చింది. "వాసనొస్తోందేంటండి?"

"నాదమ్మా" అన్నాడు వీరన్న గారు మీసం దువ్వుకుంటూ. "యానాం వోణ్ణి. తాగేసొచ్చాను. కడుపులోది కూడా తీసి చూస్తారేటి?"

వెనక జనం నవ్వారు. ఆ పిల్ల చెయ్యూపి పొమ్మంది. అంత తేలిగ్గా అబద్ధమాడే మనిషిని నేను చూడలేదు.

రేవులో కారు మాట్లాడుకున్నాం. దారంతా నేను ఆకాశమే చూశాను. గట్టు ఎక్కేసరికి ఆరున్నర. చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. విస్తరి అలాగే ఉంది. తమ్ముడు కుక్కల్ని తోలుతూ నిలబడ్డాడు. అమ్మ చాప మీద ఒక పక్కకి ఒరిగి ఉంది, చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. కాకులు గుంపులుగా లంకల వైపు పోతున్నాయి.

అమ్మ ముందుగా చూసింది పెట్టెని. "ఇది ఆయనదే కదే" అంది. నాలుగు మాటల్లో చెప్పాను. సీసా లేదని కూడా చెప్పాను. అమ్మ వీరన్న గారి నున్నటి మొహం వైపు చాలాసేపు చూసింది.

"నెలలో ఆ ఒక్క రోజూ నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదండి" అంది ఆయనతో.

"తెలుసమ్మా. చెప్పేవోడు. మా ఇంట్లో ఇయ్యాల మాటుండదు వీరన్నా, అయినా మంచం కింద మంచినీళ్ళ చెంబు మాత్రం పెడద్ది అనేవోడు."

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పదకొండు రోజుల్లో మొదటిసారి గొంతు విప్పి ఏడవడం అది.

వీరన్న గారు తన్ను విస్తరి దగ్గర కూర్చోబెట్టమన్నాడు. "సూర్యం, గెడ్డం అయిపోయింది. మీ అమ్మాయి బాగానే తీసింది. ఇంక ఎల్లు" అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, "మనుసులు గుడ్లప్పగించి చూస్తంటే ఏ కాకొస్తది? అందరూ అటు తిరగండి" అన్నాడు.

తిరిగాం. ఎదురుగా చేలు నల్లబడుతున్నాయి. అమ్మ బరువంతా నా భుజం మీద ఉంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను.

"వొచ్చింది" అన్నాడు వీరన్న గారు. "ముట్టింది. రెక్కల చప్పుడు వినపళ్ళేదా?"

నాకు వినపడలేదు. తిరిగి చూస్తే కాకి లేదు. మసక వెలుతురులో ముద్ద ఒక పక్క చెదిరినట్టుంది. అమ్మ, "నిజంగా ముట్టిందాండి?" అని అడిగింది. "కళ్ళు లేనోడి చెవులమ్మా, తప్పు చెప్పవు" అన్నాడు. తమ్ముడు పరుగున అన్నం తెచ్చాడు. గట్టు మీదే నేను కలిపి పెడితే అమ్మ తింది. నాలుగో ముద్దకి చేతులు వెచ్చబడ్డాయి.

మర్నాడు పొద్దున్న ఏడు గంటల పంటుకి వీరన్న గారిని తీసుకుని బయల్దేరాను. గాలి తగ్గింది. గుంజ దగ్గర ఇద్దరం నిలబడ్డాం. అడక్కూడదనుకుంటూనే అడిగాను.

"పెదనాన్నా, నిన్న కాకి నిజంగా వచ్చిందా?"

"మీయమ్మ అన్నం తిందా?"

"తింది."

"మరింకేటి" అన్నాడు, ఏటివైపు మొహం తిప్పి.

ఆయన్ని ఇంట్లో దింపి, యానాంలో మండపేట మీదుగా పోయే రాజమండ్రి బస్సెక్కాను. ద్రాక్షారామం దగ్గర కిటికీ పక్క సీటు దొరికింది. మండపేటలో ధాన్యం లారీలు అడ్డం వచ్చి బస్సు చాలాసేపు ఆగింది. ఒళ్ళో రేకు పెట్టె ఉంది. ఇంటి పెద్దగా, మిలట్రీ గారిగా మా నాన్నని నేను బాగానే ఎరుగుదుననుకున్నాను. నాకు తెలియకుండా ఆయన ఉన్నది నెలకి ఒక మధ్యాహ్నం మాత్రమే. ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఆయన మొత్తం ఉన్నాడు.

ఆ తర్వాత వీరన్న పెదనాన్న బతికున్నంతకాలం నెలకో శనివారం నేను యానాంలో దిగాను. "ఈసారి మావారిక్కూడా ఒకటి తెచ్చిపెట్టండి టీచరు గారూ" అని స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ కన్ను గీటింది. చూస్తానండి అన్నాను. యానాం నుంచి ఇంటికి రాగానే ప్రతిసారీ ఊరి నుంచి అమ్మ ఫోను. దవడ దగ్గర జాగ్రత్తగా గీశావా, రక్తం రాలేదు కదా, ఏం తిన్నాడు, ఏమన్నాడు, నాన్న గురించి ఇంకేమైనా చెప్పాడా. నాన్నతో నెలలో ఆ ఒక్క రోజు నోరు విప్పని మా అమ్మ, ఆ ఒక్క రోజూ ఫోను కింద పెట్టేది కాదు.